మొగ తెగిన మర్నాడు

తెడ్డు ఈసారి మోకాలి చిప్ప మీద పడింది. గోపి అరవలేదు. పళ్ళు గిట్టకరిచి, తల వెనక్కి వాల్చి, రాటకేసి ఠక్కున కొట్టుకున్నాడు.

వలలు ఆరేసుకునే రాట అది. వాణ్ణి దానికి కట్టింది వినోద్. తెల్లారగానే గోపి ఇంటికి పోయి, నిద్రలో ఉన్నవాణ్ణి జుట్టు పట్టి లేపి, వీధి పొడుగునా ఈడ్చుకొచ్చి, తన వాకిట్లో నిలబెట్టి వల తాడుతో కట్టేశాడు. గోపి అతనికి పరాయివాడు కాడు, సొంత బావమరిది. అడ్డం రాబోయిన వీధివాళ్ళు వినోద్ మొహం చూసి దడి అవతలే నిలబడిపోయారు.

"ఏటి మొగ ఎందుకు కొట్టినావురా?"

పొద్దుటి నుంచీ అదే ప్రశ్న. దాని వెనకాలే దెబ్బ.

గోపి పెదవి మీది రక్తం నాకి ఉమ్మేశాడు. "తెడ్డు ఇరిగిపోతాది బావా. వేట మొదలైనాక మళ్ళీ నా తెడ్డే అడుగుతావు."

ఆ ఎకసెక్కానికి బదులు డొక్కలో దిగింది. ఈసారి గోపి అరిచాడు.

గడప మీద కూర్చున్న యమున, ఒళ్ళో ఉన్న పిల్ల చెవులు రెండూ అరచేతులతో మూసింది. కట్టేసి ఉన్నవాడు ఆమె తమ్ముడు. కొడుతున్నవాడు ఆమె మొగుడు. ఒళ్ళో ఉన్న గౌరికి ఆరేళ్ళు. నిన్న నీళ్ళలోంచి తీసిన దగ్గర్నుంచీ ఆ పిల్ల నోరు విప్పలేదు.

ఊపిరి ఆడుతోందా లేదా అని యమున మాటిమాటికీ పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంటోంది. టెక్కలి ఆసుపత్రిలో డాక్టరమ్మ గండం గడిచిందనీ, భయం తీరితే మాటలు వాటంతట అవే వస్తాయనీ చెప్పి ఇంటికి పంపింది. దగ్గు గాని వస్తే వెంటనే తీసుకురమ్మంది. ఆ మాట విన్న దగ్గర్నుంచీ యమున చెవిలో దగ్గు వినబడుతూనే ఉంది. పిల్ల దగ్గకపోయినా వినబడుతూనే ఉంది.

అరుగు మీద ఆమె మామగారు అసిరయ్య కూర్చుని ఉన్నాడు. ఈ మధ్యనే కంటికి ఆపరేషన్ అయింది. ఆ కంటి మీద ఆకుపచ్చ గుడ్డ వేలాడుతోంది. ఊరికి పెద్ద ఆయన. ఏటి దగ్గర ఏ తగువు వచ్చినా ఆయన మాటతోనే తెగుతుంది. సాయంత్రం కులపెద్దలు వస్తారనీ, అందాకా చెయ్యి ఆపమనీ కొడుకుతో ఒక్కసారి అన్నాడు. వినోద్ విననట్టు ఊరుకున్నాడు. ఆయన మళ్ళీ అనలేదు.

అంత పెద్దమనిషి రెండోసారి ఎందుకు అనలేదో యమునకి అర్థం కాలేదు.

*

వేట నిషేధం రోజుల్లో పడవలన్నీ ఒడ్డుకి లాగేసి ఉంటాయి. మగవాళ్ళు పేకలాడి, తాగి, పెళ్ళాలతో తగువులు పెట్టుకుంటారు. ఈ ఏడు వినోద్ అలా ఊరుకోలేదు.

ఎండాకాలంలో ఏరు సముద్రంలో కలిసే మొగ ఇసక మేట వేసి మూసుకుపోతుంది. సముద్రానికి దారి లేక ఏరు చెరువులా నిలబడిపోతుంది. కెరటం ఉండదు, లాగుడు ఉండదు, చాలా మేరకి పిల్లల నడుముల్లోతే. అక్కడ వలబెండ్లు కట్టిన తాడు హద్దుగా లాగి, లారీ ట్యూబులు నీళ్ళలో వేసి, తాటాకుల పందిరి వేసి, సెలవలకి వచ్చే కుటుంబాలని పిలిచాడు. చిన్న పడవలో ఉప్పుమళ్ళ దాకా తిప్పి తెచ్చేవాడు. ఆడవాళ్ళు ముంజెలూ, ఉడకబెట్టిన వేరుశనక్కాయలూ అమ్మేవారు. బిందెలో బతికిన పీతలు వేసి పెడితే పట్నం పిల్లలు వేలు పెట్టి, కెవ్వుమని, మళ్ళీ పెట్టేవారు. కోటబొమ్మాళి నుంచీ నౌపడ నుంచీ వచ్చిన తల్లులు చీర కుచ్చిళ్ళు దోపుకుని నీళ్ళలో నిలబడి నవ్వుకుంటుంటే, యమునకి ఆ నవ్వులు చూడటమే ఒక పండగ. తనూ తొమ్మిదో తరగతి దాకా చదువుకున్నప్పుడు స్నేహితురాళ్ళతో అలాగే నవ్వేది.

బడులు తెరిచే దాకా మేటకి కాలవ తీసి మొగ కొట్టకూడదని, దాని జోలికే ఎవరూ పోకూడదని ఊరంతా కట్టుబాటు చేసుకుంది. ఆ కట్టుబాటు నోటితో చెప్పింది అసిరయ్యే.

నిన్న ఆదివారం. ఏట్లో పిల్లలు కిటకిటలాడుతున్న వేళ సరుగుడు తోపు అవతల మేట తెగింది.

ముందు ఎవరికీ తెలియలేదు. ట్యూబులన్నీ ఒక వైపుకి తిరిగాయి. పిల్లలు అదీ ఆటే అనుకుని కేరింతలు కొట్టారు. అంతలో బెండ్ల తాడు ఫట్టున తెగింది. నిలబడ్డవాళ్ళ కాళ్ళ కింద ఇసక జారింది. ఏరు మొత్తం లేచి సముద్రం కేసి పరుగెత్తింది. మగవాళ్ళు దూకి, దొరికిన కాలు, దొరికిన చెయ్యి, దొరికిన జుట్టు పట్టి లాగారు. ఒక పిల్లాడి భుజం పడవ అంచుకి కొట్టుకుని చీలిపోయింది. అందరికంటే ఆఖరున దొరికింది గౌరి. కెరటాలు విరిగే చోట వినోద్ ఆ పిల్ల జడ పట్టుకుని లాగాడు.

పిల్లని భుజాన వేసుకుని ఒడ్డెక్కిన వినోద్‌కి తెగిన మేట మీద గోపి కనబడ్డాడు. వాడి చేతిలో పార ఉంది. ఊరంతా చూసింది.

కొట్టానని గోపి అనడు. కొట్టలేదనీ అనడు. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఒకసారి అక్క కేసి చూస్తాడు, వెంటనే చూపు తిప్పేసుకుంటాడు.

*

రేకు తలుపు దగ్గర కారు ఆగింది. వినోద్ తెడ్డు దించాడు.

మెడలో నీళ్ళ సీసా, తలమీద కొత్త టోపీ, చేతిలో ప్లాస్టిక్ బొక్కెన. తలుపు సందులోంచి ముందు ఒక ఆడపిల్ల తొంగి చూసింది. వెనక తల్లీ తండ్రీ. బొబ్బిలి నుంచి కోటబొమ్మాళి చుట్టాలింటికి వచ్చారట. ఫోనులో వీడియో చూసి, దారి అడుక్కుంటూ వచ్చారట. పిల్లల్ని పడవ ఎక్కించేది ఇక్కడేనా అని తండ్రి చాలా మర్యాదగా అడిగాడు.

యమున అత్త కూర్మమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ గబగబా వచ్చి తలుపుకి అడ్డంగా నిలబడింది. మొహం నిండా నవ్వు తెచ్చుకుంది. ఇవాళ ఏట్లో నీళ్ళు లేవు, పడవ తిరగదు, వచ్చే వారం రండి నాయనా అని చెప్పింది. కానీ ఆమె నడుము పక్కనుంచి పిల్లకి అంతా కనబడుతూనే ఉంది.

"ఆయన్ని ఎందుకు కట్టేశారు?" అంది పిల్ల.

కూర్మమ్మ నవ్వు చెదరలేదు. "ఆటమ్మా. పెద్దోలు ఆడుకుంతన్నారు."

రాట దగ్గర్నుంచి గోపి గొంతు వినబడింది. "ఈ ఆటలో నాను దొంగనమ్మా. ఇంకా దొరకని దొంగలున్నారు, ఆల్లు కూకుని సూస్తన్నారు."

తండ్రి గోపి మోకాలు చూశాడు. తెడ్డు చివర తడి చూశాడు. మరో మాట మాట్లాడకుండా పిల్లని చంకనెత్తుకున్నాడు. తల్లి మాత్రం ఒక్క క్షణం ఆగి, గడప మీద ఉన్న యమున కేసీ, ఆమె ఒళ్ళో నిలువు గుడ్లేసుకు చూస్తున్న పిల్ల కేసీ చూసింది. కారు వెనక్కి తిరిగి, దుమ్ము రేపుకుంటూ పోయింది.

'కూకుని సూస్తన్నారు.' తమ్ముడు ఆ మాట ఎవర్ని అన్నాడు? వాకిట్లో కూర్చున్నది ఇద్దరే. తనూ, మామగారూ.

యమున అసిరయ్య కేసి చూసింది. ఆయన నేల చూపులు చూస్తున్నాడు.

*

గౌను తడిసింది. అంత ఎండలో పిల్ల చెమటకి ముద్దయిపోయింది. చలి పట్టి దగ్గొస్తే ఏం గాను అని యమున పిల్లనెత్తుకుని వంటింట్లోకి పోయింది. నిన్న ఆసుపత్రిలో తడి బట్టలు మార్చింది కూర్మమ్మే. యమునకి అప్పుడు చేతులు ఆడలేదు.

గౌను పైకెత్తింది. మొలతాడు కింద, తొడకి పైన, ఒక పసుపు తాడు ముడి వేసి ఉంది.

యమున చెయ్యి అక్కడే ఆగిపోయింది.

ఈ ఊళ్ళో పుట్టినవాళ్ళకి ఆ తాడు ఎవరూ చెప్పక్కర్లేదు. మొగ కొట్టే ముందు గంగమ్మకి పసుపు నీళ్ళూ కొబ్బరికాయా ఇస్తారు. ఎవరి పేరున మొక్కుకుని మొగ కొడతారో, వాళ్ళకి కొత్తగా పారిన నీళ్ళలో ముంచిన తాడు కడతారు. నీళ్ళు పారాకే కడతారు, ముందు కట్టరు. కట్టేది పెద్ద ఇంటి ఆడది.

పెద్ద ఇల్లు ఇదే. ఆ ఆడది పొయ్యి దగ్గర గంజి కలుపుతోంది.

"అత్తా, ఈ తాడు ఎప్పుడు కట్టినావు?"

కూర్మమ్మ గరిటె తిప్పుతూనే ఉంది. గంజి పొంగి పొయ్యిలో పడినా చూసుకోలేదు.

"నిన్నే కదూ," అంది యమున. "నిన్న పొద్దున్నే కదూ."

వేసవి మొదలైన దగ్గర్నుంచీ గౌరికి జ్వరం వస్తూ పోతూ ఉంది. మందులు వేస్తే తగ్గేది, మానేస్తే వచ్చేది. అమ్మవారి దారి మూసి దాని మీద ఆటలాడుతున్నాం, అందుకే మన పిల్లని పట్టుకుందని కూర్మమ్మ చాటుగా గొణుక్కునేది. యమున ఆ గొణుగుడు పట్టించుకోలేదు. నిన్న పొద్దున పిల్ల ఒళ్ళు చల్లగా ఉంది. నీళ్ళలో దిగుతానని గౌరి మారాం చేస్తే యమున వద్దంది. దిగనీయమన్నది కూర్మమ్మే. ఇంక ఏం కాదు, తల్లి ఒప్పుకుంది, ఆడుకోనీ అంటూ తనే పిల్లని ట్యూబులో కూర్చోబెట్టింది.

"పిల్ల కాలిపోతంటే సూడనేకపోయినాను," అంది కూర్మమ్మ ఎట్టకేలకు. ఆమె గొంతు చాలా మెల్లగా ఉంది. మొక్కు ఆమె మొక్కుకుంది. చీకటితో లేచి పార పట్టుకెళ్ళింది అసిరయ్య. ఊరికి తెలియకుండా, మొక్కు తీరేటంత చిన్న కాలవ తీశాడు. ఎప్పుడు తీసినా ఆ కాలవ మెల్లమెల్లగా కోసుకుని మర్నాటికి గాని పెద్దదవదు. రాత్రికి మళ్ళీ పూడ్చేద్దామనుకున్నారు.

"గోపికి తెలుసా?"

"మీ మావ తిరిగొస్తంటే ఎదురైనాడు. సెప్పకురా అంటే సరే అన్నాడు. మొగ తెగినాక పూడ్సడానికి పరిగెట్టినాడు, ఆ పిచ్చోడు. పారతో నీళ్ళు ఆగుతాయేటి."

"మరి ఇంత కొడతంటే నోరిప్పడేటి?"

కూర్మమ్మ మొదటిసారి కోడలి మొహంలోకి చూసింది. "నీ కాపరం కోసం."

యమున ఒక అడుగు వెనక్కి వేసింది. పిల్లని గుండెకేసి అదుముకుంది. బయట మళ్ళీ దెబ్బ పడింది.

"సంపేస్తన్నాడత్తా. నా తమ్ముడ్ని సంపేస్తన్నాడు."

"దెబ్బలు మానతాయి." కూర్మమ్మ దగ్గరకొచ్చి కోడలి మణికట్టు గట్టిగా పట్టుకుంది. "నువ్వు నోరిప్పినావంటే ఆడు అయ్యని సంపుతాడు. నా కొడుకు సంగతి నాకు తెల్దా? అప్పుడు ఆడు జైలుకి పోతాడు. నువ్వు ఈ గుంటనేసుకుని ఎక్కడికెల్తావే?"

అత్త చెప్పినదాంట్లో అబద్ధం లేదు. ఒక పక్క తమ్ముడి ప్రాణం, ఒక పక్క ఇల్లు. ఏది పట్టుకున్నా రెండోది పోతుంది.

అప్పుడు వాకిట్లో తెడ్డు కింద పడేసిన చప్పుడైంది.

*

వినోద్ చేపలు కోసే మొద్దు ఈడ్చుకొచ్చి రాట ముందర పెట్టాడు. గోపి నడుముకి తాడు అలాగే ఉంచి, చేతుల కట్టు మాత్రం విప్పాడు. ఒక చెయ్యి మెలితిప్పి మొద్దు మీదకి వంచాడు. వాడి వేళ్ళు నలుపెక్కి వాచి ఉన్నాయి. వినోద్ చేతిలో కత్తి ఉంది. సొర తలలు నరికే కత్తి.

"ఏ సేత్తో పట్టినావు పార? ఇదా, అదా?"

గోపి మొహంలో ఎకసెక్కం పోయింది. చెయ్యి లేనివాడు తెడ్డు పట్టలేడు, వల లాగలేడు. ఈ ఒడ్డున వాడు ఇంక ఎవరికీ పనికిరాడు. ఆ సంగతి వినోద్‌కీ తెలుసు. అందుకే చెయ్యి అడుగుతున్నాడు.

దడి అవతల ఆడవాళ్ళు మొహాలు తిప్పుకున్నారు. అరుగు మీద అసిరయ్య లేవబోయి, మళ్ళీ కూలబడ్డాడు.

"సెప్పవా? అయితే రెండూ పోతాయి."

కత్తి లేచింది.

యమున పిల్లని ఎత్తుకునే వాకిట్లోకి వచ్చింది. కూర్మమ్మ వెనకనుంచి పైట పట్టుకు లాగితే పైట చిరిగింది. యమున ఆగలేదు. నేరుగా అరుగు ముందుకి పోయి నిలబడింది. ఈ ఇంట్లో అడుగు పెట్టిన దగ్గర్నుంచీ మామగారి ఎదుట తలెత్తి మాట్లాడింది లేదు.

"మావా, నువ్వు సెప్తావా, నన్ను సెప్పమంతావా?"



"తమ్ముణ్ణి ఎనకేసుకొస్తన్నావేటే?" అంటూ వినోద్ ఒక్క అంగలో వచ్చి, కత్తి లేని చేత్తో చెంప మీద కొట్టాడు. యమున తూలి అరుగుకేసి పడింది. పిల్ల తల రాతికి తగలకుండా తన మోచెయ్యి అడ్డం పెట్టింది. మోచెయ్యి చీరుకుపోయింది.

గౌరి అరిచింది.

నిన్నటి నుంచీ లోపల ఇరుక్కుపోయిన గొంతు ఒక్కసారిగా బయటికి వచ్చింది. ఊరంతా వినబడేలా, ఆగకుండా అరుస్తూనే ఉంది. పిల్లకి మాటొచ్చిందని సంతోషపడే మనిషి ఆ వాకిట్లో ఒక్కడూ లేడు. వినోద్ చెయ్యి గాల్లోనే నిలబడిపోయింది.

యమున లేచింది. నోట్లో ఉప్పగా రక్తం తగిలింది. పిల్ల గౌను పైకెత్తి, మొల మీది పసుపు తాడు మొగుడికి చూపించింది.

"మొగ నీ కూతురి పేరున కొట్టినారు. గోపి కాదు. మీ అయ్యనడుగు."

వినోద్ తాడు చూశాడు. తల్లిని చూశాడు. కూర్మమ్మ పైట చెంగు నోట్లో కుక్కుకుంది. తర్వాత తండ్రి కేసి తిరిగాడు. అప్పుడు అతని మొహం చూసి యమున పిల్ల తలని తన భుజానికి తిప్పుకుంది. నిజం చెప్పి తమ్ముణ్ణి కాపాడుకుందామనుకుంది. ఆ కత్తి ఇప్పుడు ఎటు తిరుగుతుందో అత్త ముందే చెప్పింది.

"అయ్యా, అబద్దమని సెప్పు."

అసిరయ్య కంటి మీది ఆకుపచ్చ గుడ్డ తీసేశాడు. ఎండకి కన్ను చికిలించుకుని, నీళ్ళు కారుతూ ఉండగా కొడుకుని చూశాడు.

"నానే కొట్టినాను. పిల్ల కోసం కొట్టినాను. ఆ గుంటడు నా పేరు సెప్పనేదు. నానూ సెప్పనేకపోయినాను. పెద్దోణ్ణి కదరా, నోరు రానేదు."

వినోద్ ఒక అడుగు ముందుకి వేశాడు.

"కొట్టు. తప్పు నాది. గాని ఒకటి సెప్పి కొట్టు." అసిరయ్య గొంతు ఒణకలేదు. "సేతి వెడల్పు కాలవే తీసినాను. నా వయసంతా ఆ మొగ కొట్టినాను. ఎండాకాలం మేట పూటలో తెగడం ఎప్పుడూ సూడనేదు. అంత మేట అంత పల్సగా ఎలాగైనాదిరా? ఆ ఇసక ఏటైపోయినాది?"

దడి బయట, కార్లు నిలుపుకోవడానికి చదును చేసిన జాగా అందరికీ కనబడుతోంది. దాని పక్కనే, పట్నం పిల్లలు ఎక్కి జారడానికి పోసిన ఇసక గుట్ట. అసిరయ్య ఆపరేషన్ కోసం కూతురింటికి పోయిన రోజుల్లో వినోద్ ట్రాక్టరు మాట్లాడి, ఏటి వైపు నుంచి మేట తవ్వి, ఆ ఇసకంతా ఇక్కడ పోయించాడు. చీకట్లో, ఒంటి కన్నుతో పోయిన ముసలాయనకి మేట ఎంత పల్చబడిందో కనబడలేదు. కార్లు దిగబడకుండా ఉంటాయని అప్పుడు యమున కూడా సంబరపడింది. గౌరి ఆ గుట్ట మీద మొదట జారిన పిల్ల.

వినోద్ ఆ గుట్ట కేసి చూశాడు. చాలాసేపు చూశాడు.

తర్వాత వెనక్కి తిరిగి రాట దగ్గరికి నడిచాడు. కత్తి ఎత్తాడు. యమున కళ్ళు మూసుకుంది. తాడు తెగిన చప్పుడు వినబడి తెరిచింది.

గోపి మోకాళ్ళ మీద కూలబడ్డాడు. వినోద్ వాడి ఎదురుగా అలాగే మోకాళ్ళ మీద కూర్చుని, వాచిన ఆ అరచేతిలో కత్తి పిడి పెట్టాడు. రెండు చేతులూ చాపి మొద్దు మీద ఆనించాడు.

"ఇప్పుడు నువ్వడుగు," అన్నాడు. "ఏ సెయ్యో నువ్వే అడుగు."

గోపి కత్తిని చూశాడు. మొద్దు మీద ఉన్న బావ చేతుల్ని చూశాడు. తలెత్తి, అరుగు మీద ఉన్న ముసలాయన్ని చూశాడు. పొద్దుటి నుంచీ వాడి కళ్ళలో లేని కోపం అప్పుడు వచ్చింది.

"తమ్ముడూ," అంది యమున. "పారేయ్. నాను సెప్తన్నాను, పారేయ్."

గోపి అక్క కేసి చూడలేదు. తిమ్మిరెక్కిన వేళ్ళు మొదట సహకరించలేదు. తర్వాత ఒక్కొక్కటీ మెల్లగా పిడి చుట్టూ ముడుచుకున్నాయి.